మాస్క్ ముక్కు కిందికి దించి మేం చెప్పిన పాఠం

ఎడిటర్ గారికి నమస్కారం.

ప్రతి ఏడాదీ మే 12, నర్సుల దినోత్సవం వచ్చిందంటే పేపర్లలో నర్సుల ఫోటోలు వేస్తారు, తెల్ల డ్రెస్సు, చేతిలో దీపం, పక్కన నైటింగేల్ గురించి నాలుగు ముక్కలు, కరోనా టైంలో ప్రాణాలకు తెగించి పనిచేశారని ఒక మాట. వేయాలి, రాయాలి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ నర్సులకు పాఠం చెప్పినవాళ్ళు ఆ రెండేళ్ళూ ఏం చేశారు, ఏం నమ్మారు అని ఎవరూ అడగలేదు, మేమూ నోరు విప్పి చెప్పలేదు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ నర్సింగ్ కాలేజీలో పదిహేడేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, నా సబ్జెక్టు కమ్యూనిటీ హెల్త్, అంటే అంటువ్యాధులు, టీకాల షెడ్యూలు, టీకాలను చల్లగా భద్రపరిచే కోల్డ్ చైన్ ఇవన్నీ నా పాఠాలే. కాబట్టి ఈ ఉత్తరం ఎవరో ఒకరు రాయాలంటే ముందు నేనే రాయాలి అనిపించింది. చాలా రోజుల నుంచి మనసులో పెట్టుకుని ఇవాళ కూర్చున్నాను, పొడుగైతే క్షమించండి, మీరు కత్తిరించుకున్నా పర్లేదు కానీ టీకా గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

మాస్క్ మీద, టీకా మీద మా టీచర్లకు అనుమానాలు రావడాన్ని నేను తప్పు పట్టను, మాకూ ప్రాణాలున్నాయి, ఇంట్లో చిన్న పిల్లలున్నారు, ముసలి అత్తమామలున్నారు. ఆ అనుమానాన్ని స్టాఫ్ రూంలో దాచిపెట్టి, క్లాసులోకి వచ్చి బోర్డు మీద ఇంకోటి రాశాం చూడండి, అక్కడే తప్పు జరిగింది. పిల్లలు బోర్డు చూసి నేర్చుకుంటారా, మా మొహం చూసి నేర్చుకుంటారు.

ముందు మాస్క్ సంగతి చెప్తాను. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు గాంధీ హాస్పిటల్లో బయటపడింది. ఆ వారంలోనే ఫస్టియర్ క్లాసులో ఒకమ్మాయి లేచి, మేడం మేం బస్సులో వచ్చేటప్పుడు మాస్క్ పెట్టుకోవాలా అని అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అక్కర్లేదమ్మా, దగ్గు జలుబు ఉన్నవాళ్ళు పెట్టుకోవాలి, పేషెంటు దగ్గరికి వెళ్ళేటప్పుడు మనం పెట్టుకోవాలి, ఊరికే కొని దాచుకుంటే నిజంగా అవసరమైనవాళ్ళకు దొరకవు అన్నాను. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది కూడా అదే. నెల తిరిగిందో లేదో, ఏప్రిల్ మొదటి వారంలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్క్ అయినా సరే పెట్టుకుని బయటికి రమ్మంది, జూన్ 5న డబ్ల్యూహెచ్‌ఓ కూడా తన సలహా మార్చుకుంది, మన రాష్ట్రంలో అయితే మాస్క్ లేకుండా బయటికొస్తే వెయ్యి రూపాయలు ఫైన్. అప్పుడు ఆన్‌లైన్ క్లాసులో అదే అమ్మాయి, మేడం మార్చిలో మీరు అక్కర్లేదన్నారు కదా అని అడిగింది. మర్యాదగానే అడిగింది, ఎగతాళి లేదు. నేను నెట్ సరిగ్గా రావట్లేదని చెప్పి తర్వాతి టాపిక్‌కి వెళ్ళిపోయాను.

ఆ రోజు నేను చెప్పాల్సిన జవాబు చాలా సింపుల్. లక్షణాలు ఏమీ లేనివాళ్ళ నుంచి, ఇంకా లక్షణాలు మొదలవ్వని వాళ్ళ నుంచి కూడా ఇది అంటుకుంటోందని మార్చిలో మనకు సరిగ్గా తెలియదు, తర్వాత తెలిసింది, పైగా అప్పుడు హాస్పిటల్ వాళ్ళకే మాస్కులు చాలట్లేదు, అందుకని అలా చెప్పాం, ఇప్పుడు తెలిసింది కాబట్టి మార్చుకుంటున్నాం. ఇంతే. ఈ నాలుగు మాటలు చెప్పి ఉంటే ఆ అమ్మాయికి సైన్స్ అంటే ఏంటో మా పుస్తకంలో ఏ చాప్టరూ చెప్పనంత బాగా అర్థమయ్యేది. పిల్లల ముందు మాట మార్చితే పరువు పోతుందని భయపడ్డాను. నర్సింగ్ చదువులో టీచర్ మాట అంటే వేదం కింద లెక్క, మేం చదువుకునేటప్పుడు మా మేడం ఎదురుగా వస్తే గోడకు ఆనుకుని నిలబడేవాళ్ళం, ఆ అలవాటులో పెరిగినవాళ్ళకు నాకు తెలియలేదు అనే మాట నోట్లోంచి రాదు.

ఇంకోటి చెప్తాను, ఇది రాయడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంది. కాలేజీ మళ్ళీ తెరిచాక స్కిల్ ల్యాబ్‌లో పీపీఈ, అంటే ఒంటికి రక్షణగా వేసుకునే గ్లవ్స్, గౌను, మాస్క్ లాంటివి, తీయడం నేర్పించాను. వేసుకోవడం కంటే తీయడమే ప్రమాదం, తీసేటప్పుడే చేతికి అంటుతుంది. గ్లవ్స్, గౌను, తర్వాత గాగుల్స్, మాస్క్ అన్నిటికంటే ఆఖర్న, అదీ రూం బయటికి వచ్చాక. మాస్క్ ముందు భాగం ముట్టుకోకూడదు, తల వెనక కింది పట్టీ ముందు తీయాలి, పై పట్టీ తర్వాత, ముందుకు వంగి, మొహానికి దూరంగా పట్టుకుని డబ్బాలో పడేయాలి, చేతులు కడుక్కోవాలి. ఇదంతా చేసి చూపించాను. తర్వాత ఒక్కొక్కరినీ రిటర్న్ డెమో, అంటే నేను చూపించింది తిరిగి చేసి చూపించమన్నాను. ఒకమ్మాయి అన్నీ వరసలో చేసుకుంటూ వచ్చింది, మధ్యలో నేను ఏదో ప్రశ్న వేశాను, తను రెండు వేళ్ళతో మాస్క్ ముందు భాగం పట్టుకుని గడ్డం కిందికి లాగి, జవాబు చెప్పి, మళ్ళీ పైకి లాక్కుంది. నేను కోప్పడ్డాను, ఇందాకే కదమ్మా ముందు భాగం ముట్టుకోవద్దని చెప్పాను అని. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని, మీరు మాట్లాడేటప్పుడు ఇలాగే చేశారు కదా మేడం, అది కూడా స్టెప్ అనుకున్నా అంది.

అది కూడా స్టెప్ అనుకుంది! నేను చేశానని నాకే తెలియదు. గంటసేపు అరవై మంది ముందు మాస్క్ పెట్టుకుని అరవాలంటే గొంతు పోతుంది, కళ్ళజోడుకి ఆవిరి పడుతుంది, ఏప్రిల్ ఎండకు లోపల చెమట కారుతుంది, వెనక బెంచీల వాళ్ళు వినపడట్లేదు మేడం అంటారు, చెయ్యి దానంతట అదే పైకి పోతుంది, మాస్క్ కిందికి వస్తుంది. అంటే నోట్లోంచి తుంపర్లు ఎక్కువగా వచ్చే టైమేదో, మాట్లాడే టైము, సరిగ్గా అప్పుడే మాస్క్ తీస్తున్నామన్నమాట. నోరు మూసుకుని కూర్చున్నప్పుడు మళ్ళీ పెట్టుకుంటున్నాం. అప్పటి నుంచి గమనించడం మొదలుపెట్టాను, మా టీచర్లలో సగం మందికి ఇదే అలవాటు, వార్డుల్లో డాక్టర్లకూ ఇదే అలవాటు. ఒక చిన్న మైకు, నడుముకు కట్టుకునేది, గైడ్లు వాడతారే అలాంటిది కొనిస్తే సగం సమస్య తీరేది, అది ఎవరికీ తట్టలేదు, చివరికి మేమే తలా కొంత వేసుకుని ఒకటి కొనుక్కున్నాం.

మాకేం సౌకర్యాలు ఇచ్చి అడుగుతున్నారు అనే బాధ కూడా ఉంది, దాచుకోను. లాక్‌డౌన్‌లో మాకు సగం జీతమే ఇచ్చారు. క్లినికల్ పోస్టింగ్‌కి పిల్లల్ని తీసుకెళ్తే హాస్పిటల్ వాళ్ళు స్టాఫ్ నర్సులకు మాస్కులు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు, మీరు కాలేజీ వాళ్ళు, మీకు కాలేజీయే ఇవ్వాలి అనేవాళ్ళు, కాలేజీనేమో హాస్పిటల్లో డ్యూటీ కాబట్టి హాస్పిటలే ఇవ్వాలి అనేది. మధ్యలో మేం కోఠీ వెళ్ళి సర్జికల్ షాపుల్లో సొంత డబ్బులతో కొనుక్కున్నాం. అప్పుడు మార్కెట్లో ముందు గుండ్రంగా ప్లాస్టిక్ బిళ్ళ ఉన్న వాల్వ్ మాస్కులు బాగా వచ్చాయి, గాలి బాగా ఆడుతుందని మా టీచర్లు అవే కొన్నారు, పిల్లలు కూడా మమ్మల్ని చూసి అవే. 2020 జులైలో కేంద్రం వాల్వ్ మాస్కులు వాడొద్దని రాష్ట్రాలకు లెటర్ రాసింది, ఎందుకంటే అది లోపలికి పీల్చే గాలిని వడకడుతుంది కానీ మనం వదిలే గాలిని వాల్వ్‌లోంచి అలాగే బయటికి పంపేస్తుంది, మనకు జబ్బుంటే ఎదుటివాడికి ఏ రక్షణా లేదు. ఆ లెటర్ వచ్చాక కూడా చాలా నెలలు మా స్టాఫ్ రూంలో వాల్వ్ మాస్కులు వేలాడుతూనే ఉన్నాయి, డబ్బు పెట్టి కొన్నాం కదా అని.

ఇక టీకా.

2021 జనవరి 16న దేశమంతా టీకా మొదలైంది, మన దగ్గర గాంధీలో మొదటి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికురాలు వేయించుకుంది. హెల్త్‌కేర్ వాళ్ళకే ముందు కాబట్టి నర్సింగ్ స్టూడెంట్లు, టీచర్లు కూడా లిస్టులో ఉన్నాం, టీకా రిజిస్ట్రేషన్ పోర్టల్ కోవిన్‌లో పేర్లు ఎక్కాయి, ఫోన్లకు మెసేజీలు వచ్చాయి. మా స్టాఫ్ రూంలో పద్నాలుగు మందిమి. మొదటి విడతలో వెళ్ళింది ముగ్గురు. మిగతావాళ్ళలో ఒకరికి థైరాయిడ్, ఒకరికి చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదు, ఒకరికి ఇంట్లో పెళ్ళి, ఒకరికి ఆ రోజు ఉపవాసం. నాకు బీపీ. బీపీ ఉన్నవాళ్ళు వేయించుకోకూడదని ఎక్కడా లేదు, ఆ సంగతి క్లాసులో చెప్పేది నేనే.

కానీ మా భయాలన్నీ ఉత్త సాకులు అనడం కూడా అన్యాయం. మన ఊరి టీకానే తీసుకోండి, కొవాగ్జిన్, షామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారైంది, మొదటి ట్రయల్స్‌లో కొన్ని మన నిమ్స్ హాస్పిటల్లోనే జరిగాయి, గర్వంగా ఉండేది. జనవరి 3న దానికి పర్మిషన్ ఇచ్చేటప్పటికి మూడో దశ ట్రయల్, అంటే వేల మంది మీద టీకా నిజంగా పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష, దాని ఫలితాలు ఇంకా రాలేదు, క్లినికల్ ట్రయల్ మోడ్‌లో, అంటే వేయించుకున్నవాళ్ళను గమనిస్తూ వాడతామన్నారు, వేయించుకునేవాళ్ళ దగ్గర అంగీకార పత్రం మీద సంతకం తీసుకున్నారు, ఏ టీకా వేస్తారో ఎంచుకునే వీలు లేదు. పరిశోధన పద్ధతులు పాఠంగా చెప్పే టీచర్‌కి మూడో దశ అంటే ఏంటో తెలుసు కదా, మరి అనుమానం రాదా? వస్తుంది, రావాలి కూడా. తర్వాత ఆ ఫలితాలు వచ్చాయి, 77.8 శాతం పనిచేస్తుందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది, 2021 నవంబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఒప్పుకుంది. కానీ జనవరిలో అడిగినవాళ్ళ ప్రశ్న జనవరిలో న్యాయమైన ప్రశ్నే. అలాగే మా దగ్గర కొత్తగా పెళ్ళయిన ట్యూటర్ ఒకామె ఉండేది, పిల్లలు పుట్టరని వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ చూసి భయపడింది. చదువుకుని వాట్సాప్ నమ్ముతావా అని అందరం ఆమెను తిట్టాం. కానీ అప్పటికి గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు టీకా వద్దని ప్రభుత్వమే చెప్పింది, వాళ్ళను ట్రయల్స్‌లో చేర్చలేదు కాబట్టి. పాలిచ్చే తల్లులకు మే నెలలో, గర్భిణులకు జులై 2న ఓకే అన్నారు. గర్భం వస్తే వేయరు అనేది అప్పటికి నిజం, గర్భమే రాదు అనేది పుకారు, ఈ రెంటికీ తేడా ఏంటో ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు కాలేజీలో ఒక్కరు లేరు. గైనకాలజీ పాఠం చెప్పే మేడం పక్క టేబుల్ దగ్గరే కూర్చునేది.

పై నుంచి వచ్చింది ఏంటంటే వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్, టీకా వేయించుకోనివాళ్ళ పేర్లు సాయంత్రం లోపు పంపండి అని. అంతే. ఎందుకు వేయించుకోలేదు అని అడిగినవాళ్ళు లేరు. పేర్లు అడిగితే జనం ఏం చేస్తారు, అబద్ధాలు చెప్తారు, బీపీ అని, ఉపవాసం అని.

నన్ను కదిలించింది మా కాలేజీ ఆయమ్మ. యాదగిరిగుట్ట వైపు నుంచి బతకడానికి వచ్చి వారాసిగూడలో ఉంటుంది, ల్యాబ్ ఊడ్చి తుడిచి, మాకు చాయ్ ఇస్తుంది. ఆమె పేరు కూడా లిస్టులో వచ్చింది. ఒకరోజు పొద్దున చాయ్ గ్లాసు నా టేబుల్ మీద పెట్టి పోకుండా అక్కడే నిలబడింది. ఏమ్మా అన్నాను. "మేడం, ఆ సూది ఏసుకోమంటున్రు. మీరు ఏసుకున్నరా?" అంది. ఇంకా లేదమ్మా అన్నాను. "మరి మీరే ఏసుకోకపాయె, మాకెందుకు చెప్తున్రు మేడం, మాకేమన్న అయితే మా పిల్లగాండ్లను ఎవరు జూస్తరు" అంది. కోపంగా అనలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆమె తల మీద కొంగు సర్దుకుంటూ నా జవాబు కోసం చూస్తోంది, నా దగ్గర జవాబు లేదు. ఆమె వెళ్ళాక చాయ్ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను. మా కాలేజీలో చేరిన ప్రతి పిల్లకీ మొదటి నెలలోనే హెపటైటిస్ బి టీకా వేయిస్తాం, మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది, కార్డు చూపించనిదే వార్డుకి పంపం. భయపడే పిల్లలకు నేనే పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంటాను. అలాంటిదాన్ని ఆయమ్మ ముందు నోరు పెగలక కూర్చున్నాను.

తర్వాతి వారం ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. ముందు నాకు వేయమన్నాను, ఆమెను చూడమన్నాను. ఎడమ భుజం, 0.5 ఎంఎల్, రెండు సెకన్ల పని. అరగంట కుర్చీల్లో కూర్చోబెట్టారు, ఆ అరగంటా ఆమె నా మొహంలోకి చూస్తూనే ఉంది, తల తిరుగుతోందా మేడం అని నాలుగుసార్లు అడిగింది. రాత్రికి నాకు చలి జ్వరం వచ్చింది, చెయ్యి పైకి లేవలేదు, పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను, మర్నాడు సాయంత్రానికి తగ్గింది. ఆమెకు ఏమీ కాలేదు, మర్నాడు ఎప్పట్లాగే చాయ్ తెచ్చింది. నేను క్లాసులో ఇదంతా చెప్పాను, జనవరిలో ఎందుకు వెళ్ళలేదో, ఏం భయపడ్డానో, ఆయమ్మ ఏమన్నదో, జ్వరం ఎంత వచ్చిందో, అన్నీ. పదిహేడేళ్ళలో పిల్లలు అంత నిశ్శబ్దంగా విన్న క్లాసు ఇంకోటి లేదు. గంట కొట్టాక కూడా లేవలేదు, ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు, మేడం మా అమ్మకు షుగర్ ఉంది, మేడం మా నానమ్మ వేసుకోనంటోంది ఏం చెప్పాలి, మేడం రెండో డోసు గ్యాప్ ఎందుకు మారుస్తున్నారు. ఆ గ్యాప్ సంగతి నిజంగా తికమకే, కొవిషీల్డ్‌కి ముందు 4 నుంచి 6 వారాలు అన్నారు, మార్చిలో 6 నుంచి 8 అన్నారు, మేలో 12 నుంచి 16 అన్నారు. గ్యాప్ ఎక్కువైతే యాంటీబాడీలు బాగా వస్తాయని బ్రిటన్ అనుభవం చెప్పింది, అదే టైంలో మన దగ్గర టీకాల కొరత కూడా ఉంది. ఆ రెండూ పిల్లలకు చెప్పాను. ఒక్కటే చెప్పి ఇంకోటి దాస్తే వాళ్ళకు బయట తెలుస్తుంది, అప్పుడు మొదటిది కూడా నమ్మరు.

సెకండ్ వేవ్ గురించి ఎక్కువ రాయలేను. 2021 ఏప్రిల్, మే నెలలు హైదరాబాద్‌లో ఎవరు మర్చిపోతారు, బెడ్డు కోసం తిరగని ఇల్లు లేదు. మే 3న ప్రధాని ఆఫీసు నుంచి ప్రకటన వచ్చింది, బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసిన నర్సులను సీనియర్ల కింద కోవిడ్ డ్యూటీల్లో పూర్తిగా వాడుకోవాలని. మా పాస్ అవుట్ బ్యాచ్ పిల్లలు, ఇరవై రెండేళ్ళ వాళ్ళు, అలా వెళ్ళారు. రాత్రిళ్ళు ఫోన్లు చేసేవాళ్ళు. ఒక పిల్ల ఏడుస్తూ, మేడం డాఫింగ్ రూంలో (పీపీఈ తీసే గదిలో) ఎవరూ లేరు, ఏ స్ట్రాప్ ముందు తీయాలో మర్చిపోయా అని వీడియో కాల్ చేసింది. కింది పట్టీ నాన్నా, తర్వాత పైది అని చెప్పాను. మాస్క్ కిందికి లాగి జవాబు చెప్పిన పిల్లే అది.

మా స్టాఫ్ రూంలో టీకా వాయిదా వేసుకుంటూ వచ్చిన ఒక సీనియర్ మేడంకి ఆ ఏప్రిల్‌లో వచ్చింది, పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది, బతికింది. నాలుగు నెలల తర్వాత కాలేజీకి వచ్చినప్పుడు రెండో అంతస్తు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగి మెట్ల మీద కూర్చుంది. తనే అడిగి మరీ ఫైనలియర్ క్లాసు తీసుకుంది. నేను ఎందుకు వేయించుకోలేదో చెప్తాను రాసుకోండి అని మొదలుపెట్టింది, నిలబడి చెప్పలేక కుర్చీలో కూర్చుని చెప్పింది. వేయించుకుని ఉంటే రాకపోయేది అని ఆమె అనలేదు, వేయించుకున్నవాళ్ళకు కూడా వచ్చింది, ఇంత తీవ్రంగా అయ్యే అవకాశం బాగా తగ్గుతుంది, అది నేను వదులుకున్నాను అంది. ఎంత ఖచ్చితంగా చెప్పిందో చూడండి, ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. పెద్ద పెద్ద సెమినార్లలో కూడా అలా చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

అలా ఖచ్చితంగా చెప్పడం రాకపోతే ఏమవుతుందో 2024లో చూశాం. బ్రిటన్ కోర్టులో ఆస్ట్రాజెనెకా కంపెనీ తమ టీకా వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని ఒప్పుకుందని వార్త వచ్చింది, మన కొవిషీల్డ్ అదే టీకా కాబట్టి టీవీల్లో రోజంతా అదే. మా స్టాఫ్ రూంలో మళ్ళీ గుసగుసలు, చూశారా మేం అప్పుడే చెప్పాం అని. అసలు విషయం ఏంటంటే ఆ సమస్య 2021 ఏప్రిల్‌లోనే యూరప్ మందుల సంస్థ సైడ్ ఎఫెక్టుల లిస్టులో చేర్చింది. మన దేశంలో కూడా టీకా దుష్ప్రభావాలు చూసే జాతీయ కమిటీ 2021 మేలోనే లెక్క చెప్పింది, అప్పటిదాకా చూసిన లెక్కల్లో ఇలాంటి రక్తం గడ్డకట్టే కేసులు పది లక్షల డోసులకు 0.61 అని, అంటే ఒక్కటి కంటే తక్కువ. ఇలాంటివి వస్తే డోసు వేసుకున్న కొద్ది వారాల్లోనే వస్తాయి, మూడేళ్ళ తర్వాత కూర్చుని భయపడక్కర్లేదు. ఈ మాట ఊళ్ళో జనానికి చెప్పాల్సింది మా దగ్గర చదువుకున్న పిల్లలే, ఆశా వర్కర్ల పక్కన నిలబడేది వాళ్ళే. కానీ ఆ వారం నాకు పాత స్టూడెంట్ల నుంచి వచ్చిన ఫోన్లలో సగం, మేడం మాకేమైనా అవుతుందా అనే. తప్పు వాళ్ళది కాదు, 2021లో క్లాసులో అరుదైన ప్రమాదం ఉంది, ఇంత ఉంది, అయినా ఎందుకు వేసుకుంటున్నాం అనే లెక్క మేం వాళ్ళకు చేసి చూపించలేదు. సేఫ్ సేఫ్ అని మాత్రమే చెప్పాం. సేఫ్ అన్న మాట ఒక్కటే చెప్తే, మొదటి చెడ్డ వార్తకే ఆ మాట కూలిపోతుంది.

కరోనా అయిపోయింది కదా ఇప్పుడెందుకు ఇదంతా అంటారేమో. మన ఊరికి ఇది మొదటిసారి కాదు ఆఖరిసారీ కాదు. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని పాతకాలం వాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు, క్వారంటైన్ అనే మాట జనం నోట్లో పడి కోరంటి అయింది, అంటే ఎంత కాలం నుంచి ఈ ఊరు అంటువ్యాధులు చూస్తోందో అనుకోండి. 2009 మేలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది కూడా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగిన ప్రయాణికుడిలోనే, అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ట్యూటర్ని. అప్పుడూ మూణ్ణెల్లు మాస్కులు, తర్వాత మర్చిపోయాం. ఫ్లూ టీకా హెల్త్‌కేర్ వాళ్ళు ఏటా వేయించుకోవాలి, మా కాలేజీలో పోయినేడాది వేయించుకున్నది నేను, ఇంకో ఇద్దరు. ఇక టీబీ సంగతి సరేసరి, ప్రపంచంలో టీబీ పేషెంట్లలో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, అది గాలి ద్వారానే వస్తుంది, ఛాతీ వార్డుకు పోస్టింగ్‌కి వెళ్ళే పద్దెనిమిదేళ్ళ పిల్లకు గాలిలో సన్న తుంపర్లను కూడా వడకట్టే ఎన్95 మాస్క్ కావాలి, మామూలు నీలం మాస్క్ చాలదు. కరోనా ముందు ఎలా వెళ్ళేవాళ్ళమో ఇప్పుడు మళ్ళీ అలాగే వెళ్తున్నాం, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని. నేర్చుకున్నదంతా రెండేళ్ళలో గాలికి వదిలేశాం.

నేను అడిగేవి పెద్దవేం కాదు. నర్సింగ్ కౌన్సిల్ వాళ్ళు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం మాతో సీఎన్ఈ (ఉద్యోగంలో ఉండగా కొనసాగించే నర్సింగ్ శిక్షణ) గంటలు చేయిస్తారు, ఆ గంటల్లో కొన్ని టీకాల మీద టీచర్లకే పెట్టండి, లెక్చర్ వద్దు, మా అనుమానాలు చీటీల మీద పేరు లేకుండా రాసి డబ్బాలో వేస్తాం, టీకాల గురించి తెలిసిన డాక్టర్ ఒకరు, గణాంకాలు తెలిసినవాళ్ళు ఒకరు కూర్చుని ఒక్కో చీటీ తీసి జవాబు చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. పేర్ల లిస్టు మాత్రం ఎవరూ అడగకూడదు. క్లినికల్‌కి వెళ్ళే టీచర్‌కీ స్టూడెంట్‌కీ మాస్క్ ఎవరివ్వాలో కాలేజీకి హాస్పిటల్‌కి మధ్య రాసుకునే ఒప్పందంలోనే ఒక లైను ఉండాలి. రిటర్న్ డెమోలో పిల్లలకు మార్కులు వేసే చెక్‌లిస్ట్ ఉంది కదా, ఏడాదికి ఒకసారి అదే చెక్‌లిస్ట్‌తో పిల్లల ముందు టీచర్లం కూడా చేసి చూపించాలి, మార్కులు పిల్లలు వేయాలి. ఇది మా కాలేజీలో అడిగాను, సీనియర్లు ఒప్పుకోలేదు, పిల్లల ముందు చులకనవుతాం అన్నారు. నేను మాత్రం నా క్లాసులో మొదలుపెట్టాను, మొదటిసారి నాకు ఇరవైకి పదహారు వచ్చాయి, గాగుల్స్ తీశాక చేతులకు శానిటైజర్ రుద్దుకోవడం మర్చిపోయానట, ఆ పిల్లలే పట్టుకున్నారు.

కాలేజీ పేరు నేను రాయలేదు, మీరూ కనుక్కుని వేయొద్దు, ఇది ఒక్క కాలేజీ సంగతి కాదు. వేరే కాలేజీల టీచర్లు ఎవరైనా ఇది చదివి తమ అనుభవం మీకు రాస్తే దయచేసి దాన్ని కూడా వేయండి, ముఖ్యంగా నాతో ఒప్పుకోనివాళ్ళది, మాస్క్ మీద, టీకా మీద ఇప్పటికీ అనుమానం ఉన్నవాళ్ళది. వాళ్ళు ఏమంటారో నాకు చదవాలని ఉంది.

సోమవారం సెకండియర్ పిల్లల్ని ఛాతీ వార్డుకి తీసుకెళ్తున్నాను, మొదటి బ్యాచ్ పన్నెండు మంది. నిన్న సాయంత్రం కోఠీ వెళ్ళి పదమూడు ఎన్95లు తెచ్చాను, వాల్వ్ లేనివి. వెళ్ళే ముందు బస్సు దగ్గర ఒక్కొక్కరికీ పెట్టించి, రెండు చేతులూ కప్పి గట్టిగా ఊదించి, పక్కల నుంచి గాలి పోతోందో లేదో చూడాలి, దానికి పావుగంట పడుతుంది, అందుకని బస్సు ఏడున్నరకు కాదు ఏడుంబావుకే రమ్మని డ్రైవర్‌కి చెప్పాను.

ఇట్లు,
ఒక నర్సింగ్ టీచర్,
సికింద్రాబాద్